వాగు మీద మల్లేశం ముడి

సూరత్‌లో మా దళం లారీ దిగేసరికి మధ్యాహ్నం రెండు. వాన. కరోనా రెండో విడత అప్పుడే తగ్గుతోంది. వరద సహాయానికి పంపారు. ఆల్థాన్‌లో మూతపడిన ఒక బడిలో బస. మా అమ్మానాన్నలుండే పర్వత్ పాటియా ఆటో దూరమే, కానీ బయటివాళ్లను కలవకూడదని ఆర్డరు. సైన్యమంటే మీకు తుపాకీ గుర్తొస్తుంది. ఆ డ్యూటీ అంతా నా భుజం మీద ఉన్నది తాడు చుట్ట.

ఆదివారం ఒంటిగంటకు పిలుపొచ్చింది. తూర్పున టేకు అడవి గుట్ట. వాన చూద్దామని సరదాగా ఎక్కిన మరమగ్గాల పనివాళ్లు ఏడుగురు, అందరూ తెలుగువాళ్లే. దిగింది నలుగురే. నాలుగున్నరకు మేం గుట్ట కింద ఉన్నాం. దళంలో తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి హవల్దార్ నన్నే మాట్లాడమన్నాడు.

నలుగురిలో పెద్దవాడు నర్సయ్య. ఒళ్లంతా బురద.

"పొగమంచుల తొవ్వ తప్పుతమని కార్ఖాన నుంచి ఎర్ర దారం తెచ్చుకున్నం తమ్మీ. చెట్టు చెట్టుకు కట్టుకుంట ఎక్కినం. దిగేటప్పుడు చూస్తే వాగు మీద దారం తెగింది. ఇద్దరు ఇంక పైననే ఉన్నరు, ఆళ్లకు తొవ్వ ఎట్ల దొరుకుతది? మల్లేశం నడుమ బండ మీద నిలవడి ముడేస్తుండు. గప్పుడే ఎర్రనీళ్లొచ్చినయ్. మేం ఒడ్డు మీదికెళ్లి మస్తు మొత్తుకున్నం. నీళ్లు ఆయన్ను గుంజుకపోయినయ్."

"వినవడలేదా?"

"ఇరవై ఏండ్లు మిషన్ల నడుమ చేసిండు, చెవులు ఏడున్నయ్? కార్ఖానల పిలువాల్నంటె భుజం మీద కొడ్తం. గా నీళ్లల్లకు పోయి ఎట్ల కొట్టాలె?"

నాకు అర్థమైంది. మరమగ్గాల మీద చేసిన మా నాన్నదీ అదే వినికిడి.

ఎక్కాం. చీలమండల దాకా బురద. పదడుగుల అవతల మనిషి కనిపించడు. ప్రతి మలుపులో ఈల ఊదమన్నాడు హవల్దార్.

"అతనికి వినపడదు సర్," అన్నాను.

"తెలుసు. ఊదు."

ఊదాను. ప్రతి మలుపులోనూ.

వాగు దగ్గర రేడియో ఆపరేటర్ కబురు పంపాడు: "నీళ్లు నడుం దాటాయి. ఓవర్."

"చీకటి పడకముందే గుట్ట దిగండి. ఓవర్," అని కింది నుంచి జవాబు.

నడుముకు తాడు కట్టుకుని నేను ముందు వాగులోకి దిగాను. ఎర్ర దారం ఈ చెట్టు నుంచి ఆ చెట్టుకు బిగుతుగా ఉంది. నడుమ బండ మీద కాలు పెట్టగానే ముడి నా కళ్లెదుటికి వచ్చింది. మగ్గం ముడి. చిన్నప్పుడు నాన్న రోజుకు ఎన్ని వేసేవాడో! ముడి వేశాక మిగిలిన కొసలు పళ్లతో కొరికేస్తారు. ఇక్కడా కొరికి ఉన్నాయి, శుభ్రంగా.

అవతల దారం పట్టుకునే వెళ్లాం. వెనకబడిన ఇద్దరూ ఒడ్డుకు కాస్త పైన, టేకు చెట్టు కింద దారం పట్టుకుని కూర్చున్నారు. చలికి వేళ్లు కొంకర్లు పోయాయి, అయినా వదల్లేదు. చీకటి పడేలోగా దించాం.

మల్లేశం కోసం వాగు వెంబడి రెండు రోజులు గడలతో వెతికాం. మొదటి రోజే నాకు ఆశ పోయింది. అందరికీ పోయింది, అయినా గడలు దించుతూనే ఉన్నాం. మూడో ఉదయం ఆపమని ఆర్డరొచ్చింది. అతని భార్యకు చెప్పే పని నాకే పడింది. వాగులో కొట్టుకుపోయాడని ఫోన్‌లో చెప్పాను. ఆమె అడిగింది.

"పిలిచిండ్రా తమ్మీ?"

"పిలిచినం అక్కా. రెండు దినాలు పిలిచినం."

"పిలిస్తె ఆయనకు వినవడదు. ముంగట నిలవడాలె, పెదవులు చూసి తెలుసుకుంటడు. కరోనా వచ్చినప్పుడు దవాఖానల అందరు మాస్కులు కట్టుకొని మాట్లాడిండ్రు, ఒక్క ముక్క తెల్వలే ఆయనకు. అయినా బతికొచ్చిండు. జర ముంగటికి పోయి చూడుండ్రి."

ఆపేశామని చెప్పాను. రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. అంత కష్టమైన మాట నేను మళ్లీ పలకలేదు.

పది రోజులకు తిరుగు ప్రయాణం. లారీ పర్వత్ పాటియా మీదుగా వెళ్లింది, ఆగలేదు. మగ్గాలు ఆడుతున్నాయి. ఆ మోతలో మా లారీ హారన్ నాకే సరిగా వినపడలేదు.

రిటైరై ఇంటికొచ్చాను. వాన పడితే ఇప్పటికీ ఆ ముడే కనిపిస్తుంది. వెనక నీళ్లు వస్తుంటే, మల్లేశం నిదానంగా కొసలు కొరికి, పని పూర్తి చేశాకే తల ఎత్తి ఉంటాడు.