చదవకుండా నొక్కిన ఓకే

పంజాగుట్టలో నా మొదటి ఉద్యోగం. కట్టబోయే భవనానికి ఎంత కరెంటు పడుతుందో కంప్యూటర్లో అంచనా వేయాలి. ఒక ఆసుపత్రికి డిజైనర్ పంపిన లైట్ల వివరాలు అందులోకి ఎక్కించుకుని, గది గదికీ పది రోజులు సరిదిద్దాను. ఆసుపత్రివాళ్లు పక్కన కూర్చుని చూస్తుండగా, వాళ్లు మార్చిన ప్లాన్ మళ్లీ ఎక్కించాను. తెరమీద ఏదో ప్రశ్న వచ్చింది. ఈ సాఫ్ట్‌వేర్ నేర్చుకున్న అమీర్‌పేట కోచింగ్‌లో అలవాటైనట్టే చదవకుండా ఓకే నొక్కాను. నేను దిద్దినవన్నీ పోయి, అన్ని గదుల లైట్లకూ ఒకటే అంకె వచ్చి కూర్చుంది. వెనక్కి తెచ్చే దారి లేదు.

బయటికొచ్చి కోచింగ్ సార్‌కి ఫోన్ చేశాను.

"పాత లైట్లు తీసెయ్యాల్నా అని అడుగుతది గదమ్మా. చదవలేదా?" అన్నారు.

"ఏదొచ్చినా ఓకే కొట్టుండ్రి" అని క్లాసులో రోజూ చెప్పింది ఆయనే.