రంగు వెయ్యని ప్యాటర్న్

నేను రిటైరవడానికి ఇంకా పద్నాలుగు నెలలుండగా, జూన్ మొదటి వారంలో, రాళ్లు పిండిచేసే క్రషర్ మెషీన్‌కు ఒక ఉక్కు చెయ్యి పోత పోసే పని నాకు అప్పగించారు. అప్పుడు నేను భిలాయ్ పక్కన హథ్‌ఖోజ్‌లో ఒక చిన్న స్టీల్ ఫౌండ్రీలో ప్యాటర్న్ షాప్ ఇన్‌చార్జిని. నా పైన వర్క్స్ మేనేజర్, ఆయన పైన యజమాని. నా కింద నలుగురు ప్యాటర్న్ మేకర్లు. ఫౌండ్రీ పేరు చెప్పను. జరిగిన తప్పులో ఫౌండ్రీ వాటా ఏమీ లేదు, అంతా నాదే.

ప్యాటర్న్ అంటే పోత పోయవలసిన వస్తువుకు ముందుగా చెక్కతో చేసే నమూనా. దాన్ని ఇసుకలో పెట్టి గట్టిగా కూరి, జాగ్రత్తగా పైకి తీస్తే అదే ఆకారంలో గుంత మిగులుతుంది. కరిగిన ఉక్కును అందులో పోస్తారు. ఉక్కు చల్లారేటప్పుడు అడుగుకు పావు అంగుళం చొప్పున కుంచించుకుపోతుంది కాబట్టి ప్యాటర్న్‌ను ఆ మేరకు పెద్దదిగా చెయ్యాలి. ఇందుకోసం మా దగ్గర ప్రత్యేకమైన స్కేలు ఉంటుంది. దాని మీద అడుగు అని ఉన్నది నిజానికి పన్నెండుంబావు అంగుళాలు. దాంతో బట్టలు కొలిచి అమ్మితే షాపువాడు ఏడాదిలో కొట్టు మూసుకుంటాడు.

ప్రతి ప్యాటర్న్‌కూ ఒక కార్డు ఉంటుంది. అందులో రెండు సంతకాలు. ప్యాటర్న్ మేకర్ కొలతలు సరిచూసి మొదటిది పెడతాడు. ఇన్‌చార్జి రెండోది పెడతాడు. ఆ రెండూ లేకపోతే మోల్డింగ్ వాళ్లు ప్యాటర్న్‌ను ముట్టుకోకూడదు.

ఆర్డరిచ్చింది మాకు నాలుగు గంటల దూరంలో ఉన్న ఒక రాతి క్వారీ. క్రషర్ పాతది, దాన్ని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది, డ్రాయింగ్ లేదు. విరిగిన చెయ్యి నాలుగడుగుల పొడవు, రెండు చివరలా పిన్నులు దూరే గుండ్రటి బొడిపెలు. ఒక చివర ముక్కలైపోయి రాళ్లలో కలిసిపోయింది, మిగిలింది వంగిపోయింది. ఇలాంటప్పుడు మనిషిని మెషీన్ దగ్గరికి పంపి కొలతలు తెప్పించుకోవడం పద్ధతి. అయితే క్వారీ మేనేజర్ ఫోన్లో ఒక మాట చెప్పాడు. ఇరవై ఏళ్ల కిందట ఇదే చెయ్యి విరిగితే, భిలాయ్ క్యాంప్ 2 బస్తీలో ఉండే ఒక తెలుగు మిస్త్రీ ప్యాటర్న్ చేసిచ్చాడట.

ఆ మిస్త్రీ మా నాన్న. విజయనగరం వైపు నుంచి వచ్చి భిలాయ్ స్టీల్ ప్లాంట్ ప్యాటర్న్ షాపులో ముప్ఫై నాలుగేళ్లు పనిచేశాడు. ప్లాంట్ కాలనీ సెక్టర్ 2లో క్వార్టర్ ఇస్తామన్నా, చెక్క పెట్టుకోవడానికి చోటు చాలదని వద్దన్నాడు. క్యాంప్ 2లో ఇల్లు కట్టుకుని, రిటైరయ్యాక హథ్‌ఖోజ్ ఫౌండ్రీలకు ఇంట్లోనే ప్యాటర్న్‌లు చేసేవాడు. ఆయన పోయి అప్పటికి తొమ్మిదేళ్లు. మేం పుట్టి పెరిగిన ఆ ఇంట్లో మా అక్క సత్యవతి, ఆమె కొడుకు, కోడలు ఉంటున్నారు. నాన్న వెనకగది మాత్రం ఆయన వదిలినట్టే ఉంది. కోడలు అందులో బ్యూటీ పార్లర్ పెట్టుకుంటానంది. గది ఖాళీ చెయ్యడానికి రమ్మని అక్క రెండు నెలలుగా ఫోన్లు చేస్తోంది, నేను రేపూ మాపూ అంటున్నాను. క్వారీ మేనేజర్ మాటతో ఆ ఆదివారమే వెళ్లాను.

గదిలో అడుగు పెట్టడానికి చోటు లేదు. అరిగి బెత్తెడైన ఉలులు, మైనం ముద్దలు, సీసాల నిండా సైజుల వారీగా ఇత్తడి స్క్రూలు, పన్నెండేళ్ల రైల్వే టైమ్ టేబుళ్లు, క్యాంటీన్ టోకెన్లు, నా పాలిటెక్నిక్ మార్కుల జాబితాలు, అక్క ఎనిమిదో క్లాసు పలక. నాన్న ఏదీ పారేసేవాడు కాదు. మేం మూడు కుప్పలు పెట్టుకున్నాం. ఒకటి ఉంచుకునేవి, ఒకటి పాత సామాన్ల కబాడీకి, ఒకటి పొయ్యిలోకి. ఏది ఎందులోకో చెప్పే పెద్దరికం నేనే తీసుకున్నాను. అక్క ఒక్కొక్కటే ఎత్తి చూపిస్తూ, "ఇదేటి సేద్దారి తమ్ముడూ?" అని అడిగేది. నేను వేలు చూపించేవాణ్ని.

మధ్యాహ్నం అక్క కబాడీవాడితో బేరానికి వీధిలోకి వెళ్లినప్పుడు, అటక మీద పాత పంచెలో చుట్టిన చెక్క చెయ్యి దొరికింది. పక్కన పెన్సిల్‌తో నాన్న చేతిరాత: క్వారీ ఊరి పేరు, 'క్రషర్ చెయ్యి' అని. నాకు కలిగిన సంతోషం దాచుకోవలసింది కాదు. ఎన్నాళ్లయినా ఆ మనిషి పని అక్కరకొస్తోందని గర్వపడ్డాను. అక్క వచ్చేదాకా కూడా ఆగకుండా ఆటోలో వేసుకుని వెళ్లిపోయాను.

సోమవారం దాన్ని ధనేశ్ సాహు బెంచీ మీద పెట్టాను. ధనేశ్ దుర్గ్ దగ్గర పల్లెటూరివాడు. ఏడేళ్లుగా మా దగ్గర కాంట్రాక్టు మీద ప్యాటర్న్ మేకర్. నెలాఖరుకి పర్మనెంట్ చెయ్యబోయే ముగ్గురి జాబితాలో అతని పేరు ఉంది. ఆ పేరు రాసిందీ నేనే. అతను చెక్కను అటూ ఇటూ తిప్పి చూసి, "సాబ్, ఇస్‌మే తో రంగ్ హీ నహీ హై" అన్నాడు. మా వైపు షాపుల్లో ఉక్కుకైతే నీలం, ఇనుముకైతే ఎరుపు రంగు వేస్తారు. రంగు లేదంటే పని పూర్తికాలేదని అర్థం. క్వారీకి వెళ్లి మెషీన్ కొలతలు తీసుకొస్తానని కూడా అడిగాడు, బస్సులో పోయి సాయంత్రానికి వచ్చేస్తానన్నాడు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. ముసలితనంలో నాన్న రంగు వెయ్యడం మర్చిపోయి ఉంటాడని నా లెక్క. మా నాన్న చేసిన దానికి నువ్వు స్కేలు పెట్టి చూస్తావా అని హిందీలో నలుగురి ముందూ అన్నాను. అతను స్కేలు బెంచీ మీద పెట్టేశాడు. కార్డు మీద సంతకం చెయ్యమన్నాను, చేశాడు. దాని కింద నేనూ చేశాను.

పోత బాగా వచ్చింది. ఎక్కడా పగులు లేదు, గాలి బుడగ లేదు. మెషీన్ షాపులో బొడిపెల మధ్యలో రంధ్రాలు తొలిచి లారీ ఎక్కించాం. మర్నాడు క్వారీ ఫిట్టర్ ఫోన్ చేశాడు. ఒక చివర పిన్ను దూరింది, రెండో చివర అంగుళం దూరంలో ఆగిపోయిందట. నాలుగడుగులకు అంగుళం. ఈ లెక్క మా షాపులో కొత్తగా చేరినవాడికి కూడా నోటికొస్తుంది. కుంచించుకుపోయే వాటా కలపని చెక్కతో పోత పోశామన్నమాట.

తిరస్కరించిన ప్రతి పోతకూ కారణం రాసి ఇవ్వాలి. ఏం జరిగింది, ఏ దశలో, ఎవరి బాధ్యత. వర్క్స్ మేనేజర్ సోమవారానికి కావాలన్నాడు. కొలతలు చూడవలసింది ప్యాటర్న్ మేకరే అయితే ధనేశ్ పేరు జాబితాలోంచి తీసేస్తానని కూడా చెప్పాడు. రిటైరయ్యాక రెండేళ్లు పొడిగింపు ఇస్తానని ఆయన నాకు నోటిమాటగా చెప్పి ఉన్నాడు. అది నాకు అవసరం. శనివారం కూర్చుని రాశాను. 'పాత ప్యాటర్న్ వాడబడినది. ప్యాటర్న్ మేకర్ కొలతలు సరిచూడకుండానే కార్డుపై సంతకం చేసినాడు.' రెండు ముక్కలూ నిజమే. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

గది పని సగంలో ఉండిపోయింది కనుక ఆదివారం మళ్లీ క్యాంప్ 2 వెళ్లాను. బీరువా జరిపితే దాని వెనక గోడకు ఆనించి ఒక పొడవాటి చెక్క ఉంది. అక్క పైట చెంగుతో దుమ్ము తుడిచింది. నీలం రంగు. క్రషర్ చెయ్యి. పక్కన అదే పెన్సిల్ రాత. జేబులోంచి టేపు తీసి నేల మీద పెట్టి కొలిచాను. నేను తీసుకెళ్లిన దానికన్నా అంగుళం పొడవు, పైగా మెషీన్ మీద తొలిచేటప్పుడు పోయే వాటా కూడా కలిపి ఉంది. టేపు అక్కడే వదిలేసి, జేబులోని కాగితం తడుముకున్నాను.

"ఏటయ్యింది? అలాగయిపోనావేటి?" అంది అక్క.

జరిగింది చెప్పాను. ఆమె నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "ఆ పంచిలో సుట్టింది ప్యాటర్నేటి నీ మొహం! నాన్న ముందల అసలు సైజులో ఒక ముక్క సేసీవోడు. ఆ మెషీన్ కాడికి అట్టుకెల్లి పెట్టి సూసుకునీవోడు, సరిపోయిందా నేదా అని. అది సరిపోతే అప్పుడు ఇది సేసీవోడు. పెద్ద స్కేలు ఆ కొస నేనే అట్టుకునీదాన్ని. రంగులేసిందీ నానే. పోతకెల్లీ దానికే రంగు, సూసుకునీ దానికి నేదు. నన్నడిగితే సెప్పనా?"

అడగాలన్న ఆలోచనే నాకు రాలేదు. నేను పాలిటెక్నిక్ చదివి ఉద్యోగంలో పడ్డాను; ఎనిమిదితో చదువు ఆపేసిన అక్క, నాన్న రిటైరయ్యాక ఈ గదిలో ఆయనకు సాయంగా ఉండేది. ఆ సంగతి నాకు తెలియకపోలేదు. రంగులు పులమడం ఆడవాళ్ల కాలక్షేపమనుకున్నాను. వారం ముందు అదే గదిలో ఏది పొయ్యిలోకో ఆమెకు వేలుతో చూపించాను. సిగ్గేసింది.

"మరి మీ షాపులో ఒక్కడూ సూడనేదా, రంగు నేదని?"

చూశాడని చెప్పాను. ధనేశ్ ఏమన్నాడో, నేనేమన్నానో చెప్పాను. కాగితం సంగతి కూడా చెప్పాను. చదవమంది. చదివాను.

"నిజాలే రాసినావు," అంది అక్క. "మరి నువ్వు ఆడ్ని ఏటన్నావో అది రాసినావేటి?"

కాగితం మడిచి మళ్లీ జేబులో పెట్టుకున్నాను. అక్క నీలం ప్యాటర్న్‌ను పాత దుప్పట్లో చుట్టి, ఆటోలో పెట్టడానికి ఒక కొస పట్టుకుంది.

సోమవారం నేనిచ్చింది ఆ రాత్రి మళ్లీ రాసిన కాగితం. ప్యాటర్న్ మేకర్ రంగు లేదని చెప్పాడనీ, కొలుస్తానని అడిగాడనీ, కొలవవద్దని నేనే ఆపాననీ, నా మాట మీదే సంతకం చేశాడనీ రాశాను. ఆ చెక్క మా నాన్న చేసిందనీ, అందువల్లనే కొలవనివ్వలేదనీ కూడా రాశాను. వర్క్స్ మేనేజర్ రెండుసార్లు చదివాడు. నేను ఆపిన సంగతి చెప్పే వాక్యాలు తీసేసి, సంయుక్త బాధ్యత అని రాస్తే ఇద్దరికీ ఒక్కో హెచ్చరికతో పోతుందన్నాడు. ఆయన నా మంచికే చెప్పాడు. హెచ్చరిక ఉన్న కాంట్రాక్టు మనిషిని ఆ ఏడాది పర్మనెంట్ చెయ్యరని ఇద్దరికీ తెలుసు. వాక్యాలు తియ్యలేదు. ధనేశ్ నెలాఖరుకి పర్మనెంట్ అయ్యాడు. నాకు పొడిగింపు రాలేదు. ఆ విషయంలో బాధ పడలేదంటే అబద్ధమవుతుంది.

ఆ సోమవారమే ధనేశ్‌ను క్వారీకి పంపి మెషీన్ కొలతలు తెప్పించాను. మర్నాడు నీలం ప్యాటర్న్ బెంచీ మీద పెట్టి కొలవమన్నాను. అతను పెద్ద స్కేలు తీసుకుని ఒక కొస నాకు ఇచ్చాడు. పొడవు సరిపోయింది. వెడల్పు సరిపోయింది. రెండో బొడిపె మందం దగ్గర ఆగాడు. మళ్లీ కొలిచాడు. నా మొహం చూసి స్కేలు కింద పెట్టబోయాడు. ఏముందో చెప్పమన్నాను. 

"దో సూత్ కమ్ హై, సాబ్."

సూతంటే అంగుళంలో ఎనిమిదో వంతు. రెండు సూతులు తక్కువ. నేనూ కొలిచాను, అంతే వచ్చింది. క్వారీ ఫిట్టర్‌కు ఫోన్ చేశాను. అవునండీ, పాత చేతికి ఆ వైపు మొదటినుంచీ పావు అంగుళం వాషర్ వేసుకునే నడుపుతున్నాం అన్నాడు. వాషర్ పడాల్సిందేననుకుని ఎవరికీ చెప్పలేదట. ఇరవై ఏళ్లుగా ఆ తప్పు మా నాన్నది.

ధనేశ్ బొడిపె మీద చెక్క పట్టీ అంటించి, నున్నగా చేసి, నీలం రంగు వేశాడు. కార్డులో అతను రాయడానికి జంకితే, 'పాత ప్యాటర్న్‌లో లోపం, ప్యాటర్న్ మేకర్ కనిపెట్టి సరిచేశాడు' అని నేనే రాశాను. ముందు అతను సంతకం చేశాడు, తరువాత నేను చేశాను. ఈసారి చెయ్యి క్వారీలో వాషర్ లేకుండా బిగిసింది.

ఈ వృత్తి గురించి తెలుసుకోవాలనుకునేవారికి నేను చెప్పగలిగేది ఇది. కార్డులో రెండు గళ్లు ఉండేది ఇద్దరు విడివిడిగా కొలవాలని. ఇన్‌చార్జి హోదాకు గుర్తుగా రెండోది పెట్టారని నేను ముప్ఫై ఒక్క ఏళ్లు అనుకున్నాను, మొదటి సంతకం ఉందో లేదో చూసి రెండోది పెట్టాను. మిగిలిన ఉద్యోగ కాలమంతా ప్రతి ప్యాటర్న్‌నూ నా చేత్తో కొలిచాకే సంతకం చేశాను. ఒక్కోదానికి అరగంట పట్టేది. దానివల్ల ఏ పనీ ఆగలేదు.