పేరు పెట్టి రాసిన అంకెలు

నా చిన్నప్పుడు నేను మనస్ఫూర్తిగా ద్వేషించిన మనిషి మా మేనత్త. ఇంగ్లండ్‌లో మేముండే రీడింగ్ ఊళ్లో కాంట్రాక్ట్ ఉద్యోగం దొరికి మా ఇంటికొచ్చింది, వస్తూనే నా గది తీసుకుంది. పన్నెండేళ్లదాన్ని, తమ్ముడి గదిలో నేల మీద పడుకునేదాన్ని. ఆమెకూ నేనంటే గిట్టేది కాదు. నేను ఇంగ్లీషులో జవాబిస్తే విననట్టే కూర్చునేది.

నాన్న మాట తీసెయ్యలేక శనివారాలు నాకు సి అనే కంప్యూటర్ భాష నేర్పేది. మా స్కూల్ క్రికెట్ టీం మీద నేనొక ప్రోగ్రామ్ రాశాను. ఒక్కో అమ్మాయికి ఒక రికార్డు. అందులో ఏమేం ఉంటాయో పైన వరసగా చెప్పాలి: ముందు పరుగులు, తర్వాత వికెట్లు. కింద బ్రాకెట్లలో అదే వరసలో అంకెలు రాసేస్తే రికార్డు మొత్తం ఒక్కసారే తయారవుతుంది. ఒకమ్మాయికి నేను వికెట్లు ముందు రాశాను. రెండూ అంకెలే కాబట్టి, రాసినదాంట్లో తప్పులు పట్టే కంపైలర్ కిమ్మనలేదు.

ఆదివారం భోజనాలకొచ్చిన అంకుల్‌లు, ఆంటీల ముందు అత్త ఆ ప్రోగ్రామ్ అచ్చేసిన కాగితం చదివింది. రెండు పరుగులు, నలభై మూడు వికెట్లు. అందరూ నవ్వారు. అమ్మ కూడా.

వారం రోజులు ఆ నవ్వు నా చెవుల్లోంచి పోలేదు. మళ్లీ శనివారం అత్త బజారుకెళ్లినప్పుడు ఆమె లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. తెర మీద ఉన్నది, గోడౌన్‌లో పెట్టెలను లారీలకెలా ఎక్కించాలో లెక్కేసే ప్రోగ్రామ్. సోమవారం ఆఫీసులో చూపించాలి, నచ్చితేనే కాంట్రాక్ట్ పొడిగిస్తారని అమ్మతో అనడం విన్నాను. ఒక్కో పెట్టెకు బరువు, ఎత్తు. పైన ఆ రెండు లైన్లనూ తారుమారు చేసి సేవ్ చేశాను. ఇక బరువు ఎత్తవుతుంది, ఎత్తు బరువవుతుంది.

అత్త వచ్చి ప్రోగ్రామ్ నడిపింది. నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను. అంకెలన్నీ సరిగ్గానే వచ్చాయి. ఆమె మరోసారి సరిచూసుకోడానికి ఫైలు పైకి వెళ్లి, ఆ రెండు లైన్ల దగ్గర ఆగింది.

"ఇది నువ్వే మార్చావు కదా," అంది వెనక్కి తిరక్కుండానే.

అవునన్నాను. ఆమె ఉద్యోగం పోవాలనే మార్చానని కూడా చెప్పేశాను.

అరవలేదు. నన్ను పిలిచి ఒక పెట్టె రికార్డు చూపించింది. ప్రతి అంకె ముందూ ఒక చుక్క, పేరు, సమానం గుర్తు ఉన్నాయి. "పేరు పెట్టి రాశాను. పైన వరస ఎవరు మార్చినా బరువు బరువులోకే వెళ్తుంది. నువ్వు వరసనే నమ్ముకున్నావు."

"మరి నాకు ముందే ఎందుకు చెప్పలేదు?"

"నవ్వడం సులువనిపించింది," అంది.

ఆ మధ్యాహ్నమంతా నా టీం రికార్డులన్నీ పేర్లతో తిరగరాయించింది. ఏదైనా పేరు రాయకుండా వదిలేస్తే అక్కడ సున్నా పడుతుందనీ, దానికీ కంపైలర్ నోరు మెదపదనీ చేసి చూపించింది. నేను చేసిన పని అత్త నాన్నకు చెప్పలేదు. క్షమించానని కూడా అనలేదు.

కాంట్రాక్ట్ పొడిగించారు. ఇంకో ఏడాది నా గది ఆమెదే అయింది. ఈనాటికీ మా ఇద్దరికీ పొసగదు.

ఇప్పుడు నేను పదిమందికి ప్రోగ్రాములు రాయడం నేర్పుతున్నాను. కొత్తగా చేరినవాళ్లు అంకెలు తారుమారు చేసి నా వంక చూసినప్పుడు నాకూ నవ్వొస్తుంది. దాన్ని మింగేసి, ముందు పేర్లు రాయమంటాను.