గుంజలు లేని బావి

మొన్న కామారెడ్డిలో మా బంధువుల పెళ్లికి వెళితే ఫంక్షన్ హాలు ముందు బరాత్ కోసం కిరాయికి తెచ్చిన గుర్రం ఒకటి నిలబడి ఉంది. ముసలి గుర్రం, పాపం, ఒంటినిండా తళుకుల గుడ్డలు కప్పారు, పక్కనే పెట్టిన డీజే మోతకు చెవులు వెనక్కి వాల్చి వణుకుతూ ఉంది. నాకు ఒళ్లు మండి, దాన్ని పట్టుకున్నవాణ్ణి నాలుగు తిట్టి, పగ్గం లాక్కుని పక్కకు తీసుకుపోయి మెడ మీద చెయ్యి వేశాను. ఆ చెమట వాసన ముక్కుకు తగలగానే ఏమైందో ఏమో, కళ్లనీళ్లు ఆగలేదు, మా కోడలు కంగారుపడి కుర్చీ తెప్పించింది.

నా ఈడువాళ్లకు చెబితే నమ్ముతారేమో గానీ ఇప్పటివాళ్లకు చెబితే నవ్వుతారు, మేము గుర్రాల మీద అడవి పందుల వెంటపడి బల్లెంతో పొడిచేవాళ్లం. మా ఊరు ఎల్లారెడ్డి దాటాక అడవి అంచున ఉంటుంది, పందుల మంద ఒకసారి దిగిందంటే జొన్న చేనులో గింజ మిగలదు. అందుకని చేలు కోసి నేల ఖాళీ కాగానే మా ఇంటివాళ్లు షికారుకు బయలుదేరేవాళ్లు. ముందు మా నాయన, బాపు అని పిలిచేవాళ్లం, తరువాత ఆయన తమ్ముడు మా చిన్నాయన, మీసాలొచ్చి సొంత గుర్రం దొరికాక నేనూ. అబ్బ, ఆ సంబరం ఏమని చెప్పను! మంచు ఇంకా విడవని పొద్దున, డప్పుల చప్పుడుకు పంది పొదలోంచి బయటపడగానే కాళ్ల కింద గుర్రం ఒళ్లు బిగుస్తుంది, మనం అదిలించక ముందే అది పరుగు లంకించుకుంటుంది, ఇక చెవుల్లో గాలి తప్ప మరేమీ వినపడదు.

కష్టం కూడా అంతే ఉండేది. పందిని ఎప్పుడూ కుడిచేతి వైపే ఉంచుకోవాలి, లేకపోతే బల్లెం అందదు, అది ఉన్నట్టుండి తిరగబడి గుర్రం కడుపు చీల్చేస్తుంది. సాయంత్రానికి తొడలు ఒరుసుకుపోయి కూర్చోలేకపోయేవాళ్లం. డప్పులు కొట్టే మనుషులేమో వట్టి కాళ్లతో ముళ్ల కంపల్లో నడిచేవాళ్లు, మా కష్టం వాళ్ల కష్టం ముందు ఎంత, ఆ మాట అప్పుడు మాకెవరికీ తట్టలేదు.

కానీ అన్నిటికంటే భయపడాల్సింది పందికి కాదు, బావికి. అప్పుడన్నీ ఎద్దులతో నీళ్లు తోడే మోటబావులే, చేల మధ్యన నేలకు సమానంగా, చుట్టూ గోడా గట్టూ ఏమీ లేకుండా ఉండేవి. మా శివారులో బావులు మాకు కంఠతా వచ్చు. వేరే ఊరి శివారుకు షికారుకు పోతే మాత్రం ఆ ఊరి రైతులు ముందురోజే ప్రతి బావి దగ్గరా మోట గుంజలకు ఎత్తుగా తెల్ల గుడ్డ కట్టి ఉంచాలి, గుర్రం మీద ఉన్నవాడు దూరం నుంచే గుడ్డ చూసి పక్కకు మళ్లుతాడు. అది మా పెద్దల నాటి నుంచి వస్తున్న పద్ధతి, దాన్ని నమ్ముకునే కళ్లు మూసుకుని పరుగెత్తేవాళ్లం.

చిన్నాయనకు ఎర్ర ఆడగుర్రం ఉండేది. అది పుట్టిన రోజే దాని తల్లి చచ్చిపోతే, ఆవుపాలల్లో గుడ్డ ముంచి నోట్లో పెట్టి పెంచాడు. పిల్లలు కలగకుండానే మా చిన్నమ్మ పోయింది, మళ్లీ పెళ్లి చేసుకోమని వాళ్ల అవ్వ ఎంత పోరినా వినలేదు, ఇక ఆయన లోకమంతా ఆ గుర్రమే. మేం నవ్వితే, ఇది నా బిడ్డరా, పాలు తాపిన అని మీసం దువ్వేవాడు.

ఒక ఏడు పక్క ఊరివాళ్లు వచ్చి పందులు పల్లి చేలన్నీ తవ్వి పోస్తున్నాయని మొర పెట్టుకుంటే పోయాం. వాళ్లూ పాపం ఒళ్లు దాచుకోలేదు, నీళ్లున్న బావులన్నిటికీ గుడ్డలు కట్టారు. ఒక్క బావి మాత్రం ఎప్పుడో ఎండిపోయి, దాని గుంజలు పీకి పశువుల కొట్టానికి వాడుకున్నారట. గుంజలే లేకపోయేసరికి గుడ్డ కట్టాలని ఎవరికీ తోచలేదు. చుట్టూ తంగేడు కమ్ముకుపోయింది.

పంది ఆ తంగేడులోకే దూరింది. ముందు చిన్నాయన, వెనక నేను, మాకు ఇంకా వెనక, పంది తిరగబడితే కాల్చడానికి తుపాకితో బాపు. ఎర్రగుర్రం పొదల మీదుగా ఎగిరింది, మరుక్షణం నేల లోపలినుంచి వచ్చిన ఆ అరుపు ఈ పొద్దుకీ నా చెవుల్లోంచి పోలేదు. నా గుర్రం ముందుకాళ్లు పైకెత్తి నిలబడిపోయింది, లేకపోతే నేనూ లోపలే ఉందును.

వంగి చూస్తే పై ప్రాణాలు పైనే పోయాయి. గుర్రం ముందుకాళ్లు రెండూ విరిగి, చిన్నాయన కాలు మీద పడి ఉంది. లేవాలని అది కొట్టుకున్నప్పుడల్లా వెనక డెక్కలు ఆయన తల పక్కన రాళ్లకు టకటక తగులుతున్నాయి. తాడు కట్టుకుని దిగబోయినవాణ్ణి కూడా ఒక్క తాపుతో గోడకేసి కొట్టింది, వాణ్ణి పైకి లాగేశాం. అది కదలకుండా ఉంటే తప్ప చిన్నాయనను తీయడం ఎవరివల్లా కాదు.

బాపు తుపాకి తీయడం కింద నుంచి చిన్నాయన చూశాడు.

“అన్నా, దాన్ని కొట్టకు! తాళ్లు తెప్పియ్యి, ఇద్దర్ని గుంజుండ్రి!”

“ఇద్దర్ని తీసుడు నాతోని కాదురా.”

“అయితే నన్ను గూడ గిట్లనే ఇడిసిపెట్టు! నీ కాల్మొక్త అన్నా, నా బిడ్డనే అది!”

బాపు బోర్లా పడుకుని, మోచేతులు నేలకు ఆనించి, చాలాసేపు గురి చూశాడు. ఒక జానెడు పక్కకు పోతే తమ్ముడే. నేను కళ్లు మూసుకున్నాను. చప్పుడయ్యాక కిందికి దిగినవాళ్లు, చిన్నాయన వేళ్లు గుర్రం జూలులో చిక్కుకుని ఉంటే ఒక్కొక్కటీ విడదీయాల్సి వచ్చిందని చెప్పారు.

ఎడ్ల కచ్చురం బండిలో ఎల్లారెడ్డికి, అక్కడి నుంచి లారీలో కామారెడ్డికి తీసుకుపోయాం, దవాఖానాలో మోకాలి పైకి కాలు తీసేశారు. మనిషి దక్కాడు. మాట మాత్రం దక్కలేదు. ఆ రోజు నుంచి చిన్నాయన బాపుతో మాట్లాడలేదు. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి, అయినా ఏదన్నా చెప్పాల్సి వస్తే మీ బాపుకు చెప్పురా అని నాతో అనేవాడు, బాపు అరుగు మీద కూర్చుంటే ఆయన కర్ర పట్టుకుని పెరట్లోకి పోయేవాడు. బాపు తుపాకిని ఠాణాలో అప్పగించేశాడు, ఉన్న గుర్రాలను అమ్మేశాడు. ప్రతి పొద్దునా స్నానానికి నీళ్లు తనే కాచి, మోసుకెళ్లి తమ్ముడి గది ముందు పెట్టి తిరిగి వచ్చేవాడు. జుట్టు నెరిసి, నడుము వంగినా ఆ పని మమ్మల్ని ముట్టుకోనివ్వలేదు.

బాపు పోయినప్పుడు పాడె వాకిట్లో పెట్టాక, చిన్నాయన కర్ర పక్కన పడేసి పాకుతూ వచ్చి తల దగ్గర కూర్చున్నాడు.

“నువ్వు జేసింది తప్పు గాదన్నా. గా సంగతి నాకు ఆ దినమే ఎరుక. నోరు రాకపాయె, నోరు రాకపాయె అన్నా...” అని నెత్తి కొట్టుకుని ఏడ్చాడు.

చిన్నాయన కూడా పోయి చాలా కాలమైంది. షికారుకు చట్టం ఒప్పుకోదు, మంచిదే, నాకేం దిగులు లేదు. బోర్లు వచ్చాక మోటబావులన్నీ పూడ్చేశారు, ఆ తంగేడు జాగాలో ఇప్పుడు ఎవరిదో మక్క చేను ఉంది, అక్కడ బావి ఉండేదని చెప్పేవాళ్లు కూడా లేరు. ఈ కాలంలో అన్నదమ్ములకు మాట పడకపోతే ఎవరిండ్లు వాళ్లు కట్టుకుంటారు, ముఖాలు చూసుకునే బాధ కూడా ఉండదు, అదొక సుఖమేనేమో. మా ఇంట్లో మాత్రం ఆ ఇద్దరూ ఒక్క కప్పు కిందే ముసలివాళ్లయ్యారు. చిన్నాయన అన్న ఆ మాటను ఆ రోజు వాకిట్లో నిలబడ్డ ఊరంతా విన్నది, మా బాపు ఒక్కడే వినలేదు.