కుంకుడు రసంతో కడిగిన ఎక్స్‌రే

ఆపరేషన్ అయ్యాక నేను అద్దం చూసుకోవడం మానేశాను. జడ వేసుకోవడానికి అద్దం అక్కర్లేదు, బొట్టు పెట్టుకునే అలవాటు మా ఇంట్లో ఎలాగూ లేదు. కానీ తనను తాను చూసుకోవాలన్న యావ మనిషిని వదిలి ఎక్కడికి పోతుంది? నా యావ అంతా ఒక ఎక్స్‌రే ఫిల్ము మీదికి మళ్ళింది.

ఎనభైల మొదట్లో మాట ఇది. అప్పుడు నేను ఆళ్లగడ్డలో ఆడపిల్లల బడిలో సైన్సు చెప్పేదాన్ని. మా ఆయన హైస్కూల్లో సోషల్ మాస్టారు. నాకు మేనమామ కొడుకు కాబట్టి పెళ్లికి ముందూ తర్వాతా 'బావా' అనే పిలిచాను. నా ఎడమ రొమ్ములో గడ్డ తేలితే కర్నూల్లో కోసి తీసేశారు. ఆ తర్వాత హైదరాబాదులో ఐదు వారాలు కరెంటు పెట్టారు. రేడియేషన్ వైద్యాన్ని మా వైపు అందరూ కరెంటు పెట్టడమనే అంటారు. "షాక్ కొట్టలేదా అక్కా?" అని చర్చిలో ఒకావిడ నిజంగానే అడిగింది. కొట్టలేదు గానీ ఇంటికొచ్చేసరికి మెడ కింది నుంచి చంక దాకా తోలు మాడి నల్లబడిపోయింది. అయినా గండం గడిచిందనే అనుకున్నాం.

మా అత్త ఇంకో అడుగు ముందుకేసింది. నేను బస్సు దిగిన వారానికే రుద్రవరం నుంచి పొట్టేలుపిల్లను తెప్పించి పెరట్లో కట్టేసింది. మా వాళ్లలో జబ్బు నయమైతే కృతజ్ఞత కూటం పెట్టుకుంటారు. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేస్తారు, నయమైన మనిషి లేచి నిలబడి దేవుడు తనకు చేసిన మేలు సాక్ష్యం చెబుతుంది, ఆ తర్వాత అందరికీ భోజనాలు. ఆరు నెలలయ్యాక ఒకసారి ఎదురొమ్ముకు ఎక్స్‌రే తీయించుకొమ్మని హైదరాబాదులో చెప్పి పంపారు. ఆ ఒక్కటీ అయిపోతే కూటం పెట్టేయాలని అత్త పట్టుదల.

ఎక్స్‌రే కోసం నంద్యాలకు పోయాం. అక్కడి డాక్టరు ఫిల్మును దీపాల పెట్టెకు తగిలించి చాలాసేపు చూశాడు. మంచి మాట చెప్పడానికి అంతసేపు పట్టదని నాకు అర్థమైపోయింది.

"ఈడ చిన్న నీడ ఉందమ్మా" అన్నాడు.

నీడంటే నల్లగా ఉండాలి కదా. అది తెల్లగా, వడ్లగింజంత ఉంది.

"ఏంది సార్ అది?" అని బావ అడిగాడు.

"కరెంటు పెట్టిన దానికి ఊపిరితిత్తి కమిలి వచ్చిన మచ్చ కావొచ్చు. చిన్నప్పుడెప్పుడో క్షయ వచ్చి మానిపోయిన మచ్చ కావొచ్చు. లేదా ఆ జబ్బే ఆడికి చేరిండొచ్చు. ఒక్క ఫిల్ము చూసి చెప్పలేం. మూడు నెల్లకు ఇంకోటి తీసి రెండూ పక్కపక్కన పెట్టి చూడాల. అంతే ఉంటే భయం లేదు. పెరిగిందంటే మాత్రం ఊరికే ఉండకూడదు. ఈ ఫిల్ము జాగ్రత్తగా పెట్టుకోండి. ఇదుంటేనే తెలిసేది."

ఆపరేషనుకు ముందు తీసిన ఫిల్ములను మేము అడిగి తెచ్చుకోలేదు. ఎవరికి తెలుసు అవి కావలసొస్తాయని? కాబట్టి నా బతుకేమిటో చెప్పగలిగింది భూమ్మీద ఆ ఒక్క ఫిల్మే. దాన్ని ఖాకీ కవరులో పెట్టుకుని, మడత పడకుండా ఒళ్ళో నిలబెట్టుకుని బస్సులో ఇంటికి తెచ్చాను.

గుమ్మంలోనే అత్త అడ్డం నిలబడింది.

"ఏం చెప్పినాడు? ఉందంటనా, లేదంటనా?"

"తెల్దంట అత్తా."

"తెల్దంటే ఏంది? డాక్టరుకే తెల్దంటే ఇంగెవురికి తెలుస్తాది?"

ఆ మూడు నెలలూ నన్ను అందరూ అడిగింది అదే. ఉందా, లేదా? చర్చి గుమ్మంలో అడిగారు, బడి వరండాలో అడిగారు, కూరగాయల బండి దగ్గర అడిగారు. ఉందంటే ఏడవడానికి సిద్ధంగా వచ్చారు, లేదంటే కౌగిలించుకోవడానికి సిద్ధంగా వచ్చారు. తెలియదంటే ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. కొందరికైతే నేనేదో దాస్తున్నానని కోపం కూడా వచ్చింది. నాకు వాళ్ల మీద అంతకన్నా ఎక్కువ కోపం వచ్చింది. పాస్టరుగారొక్కరే ఏమీ అడగకుండా, వచ్చిన ప్రతిసారీ నా తలమీద చెయ్యిపెట్టి ప్రార్థన చేసి వెళ్లిపోయేవారు.

రోజూ సాయంత్రం బడి నుంచి రాగానే కాళ్లు కూడా కడుక్కోకుండా ఫిల్ము తీసేదాన్ని. పడమటి కిటికీలో ఎండ ఉన్నంతసేపూ దాన్ని వెలుగుకు పట్టుకుని నిలబడేదాన్ని. నా పక్కటెముకలు, నా గుండె, వాటి మధ్య ఆ వడ్లగింజ. మొదట్లో ఊరికే చూసేదాన్ని. తర్వాత స్కేలు పెట్టి కొలిచాను. ఆ తర్వాత ఇంకు పెన్నుతో దాని చుట్టూ సున్నా చుట్టాను, అది సున్నా దాటి బయటికొస్తే తెలుస్తుందని.

ఒకసారి తీసిన ఫిల్ములో మచ్చ పెరగదని నాకు తెలియదా? సైన్సు టీచర్ని. ఆ మాట పిల్లలెవరైనా అని ఉంటే బెంచీ ఎక్కించేదాన్ని. కానీ మర్నాడు చూస్తే మచ్చ కొంచెం పెరిగినట్టే కనిపించేది, ఆ మర్నాడు తగ్గినట్టు ఉండేది. తగ్గినట్టున్న రోజు కూర రుచిగా వండేదాన్ని. పెరిగినట్టుంటే మర్నాడు బడిలో పిల్లల్ని కొట్టేదాన్ని. ఆ దెబ్బలు తిన్న పిల్లలు ఎక్కడున్నారో, వాళ్లను తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మూడు నెలల గడువు ఒక సోమవారం వచ్చింది. దానికి ముందటి శనివారం తలంటుకుని, ఫిల్ము తీసి చూశాను. అంతా నా వేలిముద్రలే. కొబ్బరినూనె జిడ్డు, ఒకదాని మీద ఒకటి ఇంకు సున్నాలు, స్కేలు గీతలు. కాపీ పుస్తకంలో మరకలు పడ్డాయని ఎందరి చేతులమీదో కొట్టినదాన్ని, ఇంత మురికి ఫిల్మును డాక్టరు ముందు ఎలా పెట్టేది?

తలంటుకోగా మిగిలిన కుంకుడు రసం గిన్నెలో ఉంది. బంగారం గొలుసైనా, పట్టుచీరైనా మా ఇంట్లో కుంకుడు రసంతోనే కడుగుతాం. జిడ్డు వదలాలి కదాని కాగులో వేడినీళ్లు కూడా ముంచి పోశాను. ఇంకు వెంటనే పోయింది. మచ్చ దగ్గర జిడ్డు గట్టిగా పట్టి ఉంటే బొటనవేలితో రుద్దాను. ఏదో మెత్తగా, జిగటగా కదిలింది. చూస్తే నా బొటనవేలికి నల్లటి పొర అంటుకుని ఉంది.

ఫిల్ము ఎత్తి చూశాను. వడ్లగింజ లేదు, దాని చుట్టుపక్కల పక్కటెముకలూ లేవు. రూపాయి బిళ్లంత మేర ఫిల్ము గాజులా తేటపడిపోయింది. అందులోంచి పెరట్లో నిలబడి ఆకులు నములుతున్న పొట్టేలు కనిపించింది.

నిజం చెప్తున్నాను, ఆ క్షణం నాకు సంతోషమేసింది. మూడు నెలలుగా నన్ను చంపుకు తిన్నది నా వేలికింద చెరిగిపోయింది. ఆ సంతోషం ఎంతసేపో ఉండలేదు. నా బొమ్మలోంచి పోయింది గానీ నాలోంచి పోలేదని తెలిసొచ్చి, తడి జుట్టుతో అక్కడే నేలమీద కూలబడ్డాను. తెలియక చేశానా, తెలిసే చేశానా అని ఇప్పటికీ అనుమానమే. అంత గట్టిగా రుద్దనవసరం లేదు.

ఎవరికీ చెప్పలేదు. సోమవారం నంద్యాలలో కొత్త ఎక్స్‌రే తీశారు. అందులో మచ్చ ఉంది. డాక్టరు దాన్ని దీపాల పెట్టెకు తగిలించి, పక్కన పెట్టడానికి పాత ఫిల్ము కోసం చెయ్యి చాచాడు. కవరు ఇచ్చాను. ఫిల్ము బయటికి తీసి, అటూ ఇటూ తిప్పాడు.

"ఏందమ్మా ఇది?"

"ఇల్లు కారింది సార్. వాన."

ఆళ్లగడ్డలో వాన చుక్క పడి నాలుగు నెలలైంది. బావ నా ముఖంలోకి ఒకసారి చూశాడు.

"అవును సార్" అన్నాడు. "మా ఇల్లు శానా కారుతాది."

డాక్టరు ఆ ఫిల్మును మళ్లీ కవరులో పెట్టేశాడు. కోప్పడినా బాగుండేది. "ఇంగేం చేస్తాం? ఇప్పుడు తీసిందాన్నే మొదటిది అనుకోవాల. మళ్లా మూడు నెల్లు ఆగి చూడాల. మంచిదైతే ఏం పర్వాలేదు. ఆ జబ్బే అయితే మాత్రం మూడు నెల్లు ఊరికే పోగొట్టుకున్నాం తల్లీ" అన్నాడు.

బస్సు నంద్యాల దాటాక చెప్పాను. "నేనే కడిగినా బావా. కుంకుడుకాయతో."

"తెలుసు" అన్నాడు కిటికీలోంచి బయటికి చూస్తూ. "కవరు తీస్తానే వాసనొచ్చింది."

తిట్టలేదు. దిగేముందు మాత్రం కొత్త ఫిల్ము నా ఒళ్ళోంచి తీసుకున్నాడు. "ఇది నీ చేతికియ్యను. మా బడిలో మ్యాపుల గదిలో పెట్టి బీగం వేస్తా" అన్నాడు.

మా అత్తకు ఇల్లు కారిన కథ చెప్పలేదు, ఇంకో మూడు నెలలు ఆగాలని మాత్రం చెప్పాం. ఆమె ఈసారి ఏమీ అడగలేదు. తర్వాతి సంతనాడు నేను బడి నుంచి వచ్చేసరికి పెరట్లో పొట్టేలు లేదు, గుంజ మాత్రం ఉంది.

"యాడికి పోయింది అత్తా?"

"అమ్మేసినా. కొమ్ములొచ్చి పొడుస్తాండాది."

అది ఎవరినీ పొడవలేదు. ఆమె ముఖం నా వైపు తిప్పకుండా బియ్యం ఏరుతూ కూచుంది. సాక్ష్యం చెప్పే రోజు రాదని ఆమె తీర్మానించుకుందని నాకు తెలిసిపోయింది. డాక్టరు మాటకన్నా ఆ ఖాళీ గుంజకే నేను ఎక్కువ భయపడ్డాను.

నేనిది రాస్తున్నానంటే ఆ మచ్చ నన్ను చంపలేదని మీకు తెలిసిపోయింది. అప్పట్లో మాకు ఆ సుఖం లేదు.

ఓ నెల గడిచాక, బావ మధ్యాహ్నం టిఫిను క్యారియరు మరిచిపోయి వెళ్లాడని హైస్కూలుకు పట్టుకెళ్లాను. స్టాఫ్ రూములో లేడు. మ్యాపుల గదిలో ఉంటాడన్నారు. తలుపు దగ్గరికి వేసి ఉంది. తోసి చూస్తే, కిటికీ దగ్గర వీపు ఇటు పెట్టి నిలబడి ఉన్నాడు. ఫిల్మును చేతిరుమాలుతో అంచు పట్టుకుని కిటికీ అద్దానికి ఆనించాడు. దాని మీద, పిల్లల చేత దేశాల హద్దులు గీయించే పల్చటి ట్రేసింగ్ కాగితం పరిచి, పెన్సిలుతో మచ్చ చుట్టూ గీస్తున్నాడు. బల్లమీద అలాంటి కాగితాలే ఒక కట్ట ఉంది. ఒక్కోదాని మూలలో తేదీ వేసి ఉంది. ఒక్క రోజు కూడా తప్పలేదు.

క్యారియరు కింద పెట్టి పక్కన నిలబడ్డాను. నన్ను చూసి కూడా ఫిల్ము దించలేదు. ఆ రోజు కాగితాన్ని ముందురోజు కాగితం మీద పెట్టి, రెండిటినీ వెలుగుకెత్తి చూశాడు. గీతకూ గీతకూ మధ్య వెంట్రుకవాసి తేడా ఉంది. ఆ రోజు పెన్సిలు మొన అరిగి ఉండటం నాకు కనిపిస్తూనే ఉంది.

"ఫిల్ములో యాడన్నా పెరుగుతాదా బావా?" అన్నాను.

"పెరగదు. నాకు తెల్దా?" అన్నాడు. అని మళ్లీ కాగితాలు కళ్ల దగ్గరికి తెచ్చుకుని, "కొంచెం పెరిగినట్టుంది మే" అన్నాడు.