నేను నోరు నొక్కిన రీల్

2023 ఫిబ్రవరి. ముంబైలోని కామాటిపురాలో, ఫాక్‌లాండ్ రోడ్డు వైపు తెరుచుకునే ఒక గల్లీలో మా షాపు. పదడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు. మా తాత పాలమూరు నుంచి వచ్చి ఈ ఊరి బిల్డింగులకు ఇటుకలు మోశాడు. నాయిన కుట్టుమిషన్ల రిపేరు నేర్చుకున్నాడు. నేను మెకానికల్ డిప్లొమా చేసి, రెండేళ్లు ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగంలో ఉండి, తిరిగి ఇదే బెంచీ దగ్గరికి వచ్చాను. ఎందుకు వచ్చావని అడిగేవాళ్లకు జవాబు చెప్పడం మానేశాను. నా విజిటింగ్ కార్డు మీద 'కామాటిపురా' అని పెద్ద అక్షరాలతోనే ఉంటుంది. ఎర్రదీపాల వాడ పేరెందుకు, 'గ్రాంట్ రోడ్ ఈస్ట్' అని వేయించుకుంటే గిరాకీ పెరుగుతుందని ఇప్పటికి నలుగురు సలహా ఇచ్చారు. నలుగురికీ అదే కార్డు ఇచ్చి పంపాను.

షాపులోకి వచ్చే ప్రతి వస్తువుకూ నేనొక జాబ్ కార్డు రాస్తాను. అందులో పదకొండు ప్రశ్నలుంటాయి. మొదటిది: 'చప్పుడు వస్తోందా?' అది నాయిన నుంచి వచ్చిన ప్రశ్న. కుట్టుమిషన్ పనిలో చప్పుడే రోగం. రిపేరు అయ్యాక నాయిన పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను మిషన్‌కు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని చక్రం తిప్పుతాడు. లోపల ఏ ముక్క ఎక్కడ రాసుకుంటోందో అలా కనిపెడతాడు. ఏమీ వినపడకపోతేనే మిషన్ షాపు దాటుతుంది.

ఆ ఫిబ్రవరిలో వర్లిలో ఒక చాల్, అంటే వరస గదుల ఇంటి నుంచి యాదగిరి కాకా వచ్చాడు. అరవై ఎనిమిదేళ్లుంటాయి. నాయినకు పాత పరిచయం. ముప్పై ఏళ్లు ఒక సాహెబు దగ్గర డ్రైవరు. చేతిరుమాలులోంచి ఒక గుండ్రటి లోహపు వస్తువు తీసి కౌంటర్ మీద పెట్టాడు. అరచేతిలో పట్టేంత ఉంది. అది ఫ్లై ఫిషింగ్ రీల్.

ఫ్లై ఫిషింగ్ అంటే ఏమిటో నాకు ఆయనే చెప్పాడు. ఎర వానపాము కాదు, పిండి కాదు. ఈకలతో, దారంతో కట్టిన ఈగలాంటి బొమ్మ. దానికి బరువుండదు. అందుకని లైనే కాస్త లావుగా, బరువుగా ఉంటుంది. కర్రతో దాన్ని గాల్లో ముందుకీ వెనక్కీ ఊపి నీటి మీద పడేస్తారు. మిగతా లైనంతా చుట్టి ఉండేది ఈ రీల్‌కే. సాహెబు ఏటా హిమాచల్‌లో ఒక నదికి ట్రౌట్ చేపల కోసం వెళ్లేవాడు. వెంట కాకా. మొదట వల పట్టుకుని నిలబడ్డాడు, తర్వాత కర్ర పట్టుకున్నాడు. సాహెబు పోయే ముందు రీల్‌ను ఆయన చేతిలో పెట్టాడు. అప్పటి నుంచి డబ్బు కూడబెట్టుకుని ఏడాదికొకసారి స్లీపర్ క్లాసులో ఒక్కడే వెళ్లి వస్తున్నాడు.

కొంతకాలంగా రీల్ పట్టేస్తోంది. ముందు ఫోర్ట్‌లో ఒక పెద్ద ఆటసామాన్ల షాపుకు తీసుకెళ్లాడట. కౌంటర్‌లో ఉన్నతను ఇది ఎవరిదని అడిగాడు. నాదే అన్నాడు కాకా. "మల్ల అడిగిండు, అసలు ఎవరిదని," అని నవ్వాడు. ఆ నవ్వు చూసి పని నేనే చేస్తానన్నాను. అలాంటి రీల్‌ను అంతకుముందు విప్పలేదన్న మాట మాత్రం చెప్పలేదు.

విప్పాక లోపల ఉన్నవి చాలా కొద్ది. ఒక చట్రం. దాని మధ్య స్పిండిల్, అంటే ఇరుసు. దాని మీద తిరిగే స్పూల్, అంటే లైన్ చుట్టే చక్రం. స్పూల్ వెనక ముప్పై రెండు పళ్ల ఉక్కు గేర్. ఆ పళ్ల మధ్యకు మొన దూర్చుకుని కూర్చునే చిన్న ఇత్తడి ముక్క, దాని పేరు పాల్. పాల్‌ను గేర్ మీదికి నొక్కి పెట్టే రేకు, లీఫ్ స్ప్రింగ్. స్పూల్ తిరిగినప్పుడు పాల్ ఒక్కో పన్నూ ఎక్కి దిగుతుంది. అదే క్లిక్.

అన్నీ కొలిచి కార్డు మీద రాశాను. స్పిండిల్ వ్యాసం, స్ప్రింగ్ మందం, ఏ స్క్రూ గాడి చెడిపోయి ఉందో కూడా రాశాను. మొదటి ప్రశ్న మాత్రం కాకాను అడగలేదు. నేనే ఒకసారి తిప్పి చూసి 'అవును, చాలా ఎక్కువ' అని రాసేశాను.

తర్వాత కుట్టుమిషన్ల వాడు ఏం చేస్తాడో అదే చేశాను. ఎండి గట్టిపడిన గ్రీజు, ఇసుక తీసేశాను. అంతవరకు సరైన పనే. రీల్ పట్టేయడానికి కారణం అదొక్కటే. అక్కడ ఆగలేదు. పాల్ మొనను నూనెరాయి మీద రాసి గుండ్రం చేశాను. స్ప్రింగ్‌ను వంచి మెత్తబరిచాను. గేర్ నిండా చిక్కటి గ్రీజు కూరాను. నాయిన స్క్రూడ్రైవర్ ఆనించి విని తలూపాడు.

కాకా వచ్చి హ్యాండిల్ ఒకసారి తిప్పాడు. చెవి దగ్గర పెట్టుకుని మళ్లీ తిప్పాడు.

"ఏం చేసినవ్ బిడ్డా దీన్ని?"

"మక్ఖన్ లెక్క తిరుగుతుంది కాకా. అస్సలు ఆవాజ్ లేదు."

"అదే అడుగుతున్న. ఆవాజ్ ఏడవోయింది?"

నేను ఇంకా మెచ్చుకోలు కోసమే ఎదురుచూస్తున్నాను. ఆయన రీల్‌ను కౌంటర్ మీద పెట్టి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "కండ్లు ఎట్లాగు పోతున్నయి. చెవులు గూడ నువ్వే తీస్తివా?"

నీటికాసులట. చూపు అంచుల నుంచి మూసుకుపోతూ వస్తోంది. పైపులోంచి చూసినట్టుంటుందన్నాడు. నీటి మీద లైన్ కనపడటం మానేసి రెండేళ్లయింది. చేప ఎంత జోరుగా పోతోందో, ఎప్పుడు ఆగిందో, ఎప్పుడు వెనక్కి తిరిగిందో అన్నీ రీల్ చప్పుడును బట్టే తెలుసుకుంటున్నాడు. మార్చిలో సీజన్ మొదలవుతుంది. రైలుకు ఇంకా తొమ్మిది రోజులుంది. వచ్చే ఏటికి చూపు ఎంత ఉంటుందో డాక్టరు మాట ఇవ్వలేదు. కొడుకేమో అసలు వెళ్లొద్దంటున్నాడు. వెళ్లక తప్పదంటే కొత్త రీల్ తీసుకెళ్లమని, చప్పుడే చేయని రకం ఒకటి ఆన్‌లైన్లో తెప్పిస్తున్నాడు.

"చప్పుడంటే వృథా పోయిన శక్తి" అని నాకు క్లాసులో నేర్పారు. మార్కులు కూడా వేశారు. ఆ సాయంత్రం నాయిన, "పాస్ చేసింది నేనే గద. నాది గూడ తప్పే," అన్నాడు. నాకు మాత్రం పట్టుదల వచ్చింది. కామాటిపురాలో ఇచ్చి చెడగొట్టుకున్నాడన్న మాట ఫోర్ట్ దాకా పోనివ్వదలుచుకోలేదు.

కొత్త పాల్ చేయాలి. పాత మొన ఆకారం ఎలా ఉండేదో నా దగ్గర లేదు. పొడవు రాశాను, మందం రాశాను, పైనుంచి ఫోటో తీశాను. మొన పక్కవాలు మాత్రం కొలవకముందే అరగదీసేశాను. దాని కొలత ఇప్పుడు ఒక్కచోటే ఉంది, కాకా చెవిలో.

రోజూ పొద్దున బస్సులో వచ్చి స్టూలు మీద కూర్చునేవాడు. పాత గోడగడియారం స్ప్రింగ్ నుంచి కొత్త లీఫ్ కోశాను. ఇత్తడి రేకు నుంచి పాల్ ఆకురాయితో అరగదీశాను. ఉక్కు ఎందుకు కాదంటే, అరిగేది ఎప్పుడూ చిన్న ముక్కే కావాలి, గేర్ కాకూడదు. మొదటి పాల్ బిగించి తిప్పితే కాకా ముఖం చిట్లించాడు: "ఇది షట్టర్ గుంజినట్టు మొత్తుకుంటుంది." రెండోది: "ఇది దుప్పటి కప్పుకొని మాట్లాడుతుంది."

అప్పుడు నాయిన లేచి స్క్రూడ్రైవర్ తీసుకున్నాడు. నాకు తెలిసి మొదటిసారి చప్పుడు కావాలని దాన్ని చెవికి పెట్టుకున్నాడు. హ్యాండిల్ అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"యాదగిరన్నా, లైన్ పోయేటప్పుడు, మల్ల చుట్టేటప్పుడు ఒక్కతీరే కొట్టేదా ఇది?"

కాకా కళ్లు మూసుకున్నాడు. "లేదు," అన్నాడు. "పోయేటప్పుడు గరగర. వచ్చేటప్పుడు మెల్లగ."

నేను రెండు వైపులా ఒకే వాలు తీశాను. అసలు పాల్‌కు ఒక వైపు నిటారుగా, ఇంకో వైపు ఏటవాలుగా ఉండి ఉంటుంది. చేప లాగేటప్పుడు గట్టిగా అడ్డుపడాలి. స్పూల్ తన జోరుకు తానే తిరిగిపోయి లైన్ చిక్కుపడకుండా ఆపడమే క్లిక్ అసలు పని. చేపను నిలబెట్టేది క్లిక్ కాదు, స్పూల్ అంచు మీద ఆనించే అరచెయ్యి. మనిషి చుట్టేటప్పుడు మాత్రం అది తేలిగ్గా దారివ్వాలి. మూడో పాల్ అలా తీశాను. ఆరో రోజు కాకా దాన్ని పది నిమిషాలు తిప్పుతూ కూర్చున్నాడు. చాయ్ తెప్పించమన్నాడు.

ఏడో రోజు కొడుకు పెట్టెతో షాపుకే వచ్చాడు. కొత్త రీల్ మంచిదే. సీలు వేసిన డిస్క్ డ్రాగ్, అంటే లోపల బిళ్లలు ఒత్తుకుని పట్టు ఇచ్చే పద్ధతి. ఇసుక దూరదు, పట్టు సమానంగా ఉంటుంది. ఆ మాట నేనే ఒప్పుకున్నాను.

"చూసినవా అప్పా, ఇంజనీరే చెప్తున్నడు," అన్నాడు కొడుకు.

కొత్త రీల్‌కు కాకా నా దగ్గరున్న దారం చుట్టించి కొడుకు చేతిలో పెట్టాడు. కళ్లు మూసుకోమన్నాడు. వేలితో స్పూల్ అంచు తాకొద్దన్నాడు. దారం కొస పట్టుకుని గల్లీలో ఫోరస్ రోడ్డు వైపు నడిచాడు. కాసేపు వేగంగా, కాసేపు మెల్లగా నడిచి, ఆగి, వెనక్కి నాలుగడుగులు వేశాడు. పాన్ డబ్బా అతను, "క్యా కాకా, గటర్ మే మచ్లీ?" అని అరిచాడు, మురికికాలువలో చేపలా అన్నట్టు. నాయిన నవ్వకుండా, "పెద్దదే వడ్డది, జర పక్కకు జరుగు," అన్నాడు.

ఎంత దూరం పోయాను, ఎక్కడ ఆగాను అని కాకా అక్కడి నుంచే అడిగాడు. కొడుకు ఏదో ఊహించి చెప్పాడు. ఒక్కటీ కలవలేదు.

తర్వాత పాత రీల్. దారం కదలగానే అది గరగరమంది. చేపల బండి తోసుకెళ్తున్నామె కూడా ఆగి చూసింది. కొడుకు కళ్లు మూసుకునే చెప్పుకుంటూ పోయాడు: "పోతున్నవ్... జోర్ల పోతున్నవ్... ఇప్పుడు మెల్లగ... నిలవడ్డవ్." చప్పుడు ఆగిపోయింది. దారం వదులైంది. అతను తనకు తెలియకుండానే హ్యాండిల్ తిప్పడం మొదలుపెట్టాడు. మెల్లటి చప్పుడుతో దారం లోపలికి వచ్చింది. "మర్లినవ్ అప్పా. నా దిక్కు వస్తున్నవ్."

కళ్లు తెరిచేసరికి తండ్రి ఎదురుగా ఉన్నాడు. కొడుకు కొత్త రీల్‌ను పెట్టెలో సర్దుకున్నాడు. వాపసు ఇవ్వడానికి ఇంకా గడువుందని నాతో అన్నాడు. తండ్రితో మాత్రం, స్టేషన్‌కు తానే దింపుతానన్నాడు.

ఏప్రిల్‌లో కాకా మళ్లీ షాపుకు వచ్చాడు. మూడు రోజుల్లో ఒకే ఒక్క చేప. ప్రవాహంలో కిందికి పరుగెత్తి ఒక బండ వెనక ఆగింది. ఆయనకు నీరూ కనపడలేదు, చేపా కనపడలేదు. చప్పుడు ఆగిన చోట ఆగాడు, మొదలైనప్పుడు స్పూల్ మీది చెయ్యి వదిలాడు. గట్టుకు తెచ్చి కొలిస్తే అనుమతించిన పొడవు లేదు. వదిలేశాడు. అదంతా వార్త చెప్పినట్టు చెప్పి, ఇసుక చేరింది చూడమని రీల్ ఇచ్చాడు.

ఇలాంటి రీల్ ఉన్నవాళ్లకు నేను చెప్పేది కొంచెమే. నది నుంచి రాగానే మంచినీళ్లతో కడిగి, స్పూల్ విడదీసి నీడలో ఆరబెట్టాలి. స్పిండిల్‌కు ఒక చుక్క పల్చటి నూనె చాలు. గేర్ మీద వేలితో రాసినంత గ్రీజు, అంతకు మించి వద్దు. స్క్రూ గాడికి సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్ లేకపోతే అసలు విప్పొద్దు. బిగింపు మర ఉన్న రకమైతే, పక్కన పెట్టేటప్పుడు దాన్ని వదులు చేస్తే స్ప్రింగ్ బతుకుతుంది. పాల్ మొన జోలికి మాత్రం ఎవరూ పోవద్దు. నేనొకసారి పోయాను.

ఆ తర్వాత ఇలాంటివి అప్పుడొకటి ఇప్పుడొకటి వస్తున్నాయి. కొందరు చప్పుడు తీసేయమంటారు. ఈ కాలంలో ఇదేం మోత అంటారు. వేరే షాపు చూసుకోమని చెప్తాను. గిరాకీని పంపేయడం ఏం వ్యాపారమని నా డిప్లొమా స్నేహితులు నవ్వుతారు. నవ్వనీ.

నా జాబ్ కార్డులో ఇప్పటికీ పదకొండు ప్రశ్నలే. మొదటిది మాత్రం మార్చి మళ్లీ అచ్చు వేయించాను: 'ఏ చప్పుడు ఉండాలి?' దానికి జవాబు నేను రాయను, వస్తువు తెచ్చినవాళ్లు చెప్పాలి. కుట్టుమిషన్ తెచ్చేవాళ్లు ఆ ప్రశ్న విని వింతగా చూస్తారు. నాయిన కూడా మొదట్లో విసుక్కున్నాడు. ఇప్పుడు ఆయనే అడుగుతున్నాడు.

పోయిన ఫిబ్రవరిలో కాకా వచ్చినప్పుడు కౌంటర్ అంచును చేత్తో తడిమి పట్టుకుని నిలబడ్డాడు. నా గొంతు విన్నాకే నా వైపు తిరిగాడు. రిజర్వేషన్ చేయించుకున్నానని చెప్పాడు. ఈసారి టిక్కెట్లు రెండు, రెండోది కొడుకుకు. నేను కార్డు తీసి మొదటి ప్రశ్న అడిగాను. ఆయన ఏమాత్రం ఆలోచించలేదు. చెప్పింది చెప్పినట్టే రాశాను:

"అవతలి ఒడ్డుకు ఇనపడాలె."