అజాగ్రత్త వల్ల

మా అట్టపెట్టెల ఫ్యాక్టరీ ఆఫీసులో ప్రమాద నివేదికలు టైపు చేసే ఆవిడను అందరం టైపక్క అనేవాళ్ళం. ఇరవై రెండేళ్ళుగా ఎవరి వేలు తెగినా, ఎవరి కాలు విరిగినా ఆ సంగతి ఆవిడ బల్ల మీదికి రావాల్సిందే. ఎదురు బల్ల నాది. నేను స్టోరు గుమాస్తాను.

టైపక్క చెయ్యి తిరిగిన మనిషి. ఓ వానాకాలం గోడౌను మెట్ల మీద అకౌంట్సు ఆఫీసరుగారు పడ్డారు. "మెట్లు తడిగా ఉన్నందున దురదృష్టవశాత్తు జారి గాయపడ్డారు" అని రాసింది. వారం తిరక్కుండా అవే తడి మెట్ల మీద లోడింగు మనిషి పడ్డాడు. "అజాగ్రత్త వల్ల పడిపోయాడు" అని రాసింది.

"మన మెట్లకి ఎవరి హోదా ఏమిటో బాగా తెలుసు టైపక్కా!" అన్నాను.

"పోదురూ, ఎప్పట్నుంచో అలాగే రాస్తున్నాం" అని నవ్వింది. నేనూ నవ్వాను. ఇప్పుడు ఆ నవ్వు గుర్తొస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. నివేదికలో అజాగ్రత్త అన్న మాట పడితే ఆ మనిషికి పని పోయినట్టేనని మా ఇద్దరికీ తెలుసు. లోడింగు మనిషి మళ్ళీ గేటు లోపల కనిపించలేదు.

టైపక్కకు ఒక్కడే తమ్ముడు. తల్లి పోయాక తనే పెంచింది, తనే వాళ్ళనీ వీళ్ళనీ బతిమాలి కటింగు మిషను మీద పనికి పెట్టించింది. పోయిన సోమవారం వాడి కుడిచేతి వేళ్ళు రెండు ఆ మిషను కింద తెగిపోయాయి. బ్లేడుకు చెయ్యి తగలకుండా ఇనప మూత ఒకటి ఉండాలి. పని నెమ్మదిస్తోందని మేనేజరు నెల కిందటే దాన్ని ఊడదీయించాడు. అది నా స్టోరులోనే, తలుపు వెనకాల పడి ఉంది.

టైపక్క ఆస్పత్రి నుంచి నేరుగా ఆఫీసుకొచ్చి, కళ్ళు తుడుచుకుంటూనే "మిషనుకు మూత లేనందున గాయపడ్డాడు" అని టైపు చేసింది.

మేనేజరు చదివి కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. పాత ఫైలు తెప్పించి ఆవిడ ముందు పరిచాడు.

"ఇవన్నీ మీరు రాసినవేగా అమ్మా? నలభై ఒక్కమంది పనివాళ్ళు. ఒక్కదాంట్లోనూ మిషను తప్పు లేదు. మీ తమ్ముడి దగ్గరికొచ్చేసరికి మిషనుకి తప్పు పుట్టుకొచ్చిందా? అయితే ఈ నలభై ఒకటీ అబద్ధాలని రాసివ్వండి."

"సార్, ఆ మూత..."

"మూత తీసేశారని ఎవరు చెప్పారు?"

ఆవిడ నా వైపు చూసింది. నేను రిజిస్టరులో తల దూర్చాను. నా భయం నాది, నా పిల్లల ఫీజులు నావి.

ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారంటారు. ఆవిడ తీసిన గోతిలో తమ్ముడు పడ్డాడు, నేను గట్టు మీద నిలబడి చూశాను. టైపక్క కొత్త కాగితం ఎక్కించింది. ఒక మాట దగ్గర వేళ్ళు చాలాసేపు ఆగిపోయాయి. తర్వాత అలవాటు చొప్పున ఆ మాటే టైపు కొట్టేశాయి.

నివేదిక కింద దెబ్బ తగిలినవాడు సంతకం పెట్టాలి. సాయంత్రం ఆస్పత్రికి నేనూ తోడు వెళ్ళాను. కుర్రాడు కుడిచేతికి పెద్ద కట్టుతో దిండుకు ఆనుకుని కూర్చున్నాడు.

"అక్కా, వేళ్ళు పోతే పోయాయి. ఎడమచేత్తోనైనా పని నేర్చుకుంటాను. నన్ను తీసెయ్యరుగా?"

ఆవిడ సంచిలోంచి నివేదిక తీసింది. "ముందు ఇది చదువుకోరా" అని కాగితం చాపింది.

"నువ్వు రాసిందేగా, చదవడమెందుకే!" అని నవ్వి, ఎడమచేతి బొటనవేలు ముందుకు పెట్టాడు.

సిరా డబ్బా మూత తీసింది నేను. వాడి వేలు పట్టుకుని, చిన్నప్పుడు పలక మీద అక్షరాలు దిద్దించినట్టు, కాగితం మీద అద్దించింది టైపక్క.